వెనకవాళ్లకు కనపడాలి: బండికి ఎల్ఈడీ టెయిల్ లైట్ బిగించే ముందు, బిగించేటప్పుడు

మన కాలేజీ పార్కింగ్‌లో బండ్లను ఒకసారి వెనక నుంచి చూడండి. కొన్నింటికి కంపెనీతో వచ్చిన టెయిల్ లైట్ ఉండదు. దాని చోట సన్నటి ఎర్ర గీతో, నల్లద్దం వెనక మెరిసే చుక్కలో, లైటూ ఇండికేటర్లూ కలిసిపోయిన ఒకే పట్టీనో ఉంటాయి. చూడటానికి బాగుంటాయి, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే బండి నడిపేటప్పుడు మనకు కనపడని లైటు ఇది. సరిగ్గా వెలుగుతోందో లేదో అందరికన్నా ఆఖరున తెలిసేది మనకే. అందుకే ఈ ఒక్క మార్పు విషయంలో అందం కన్నా ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

శంషాబాద్ నుంచి ఆరాంఘర్ దాకా 44వ నంబర్ జాతీయ రహదారి మీద రాత్రి బండి నడిపినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైన దగ్గర్నుంచి ఈ రోడ్డుకు రాత్రీ పగలూ తేడా లేదు. బెంగళూరు వైపు లారీలు, ఫ్లైట్ టైముకు పరుగెత్తే క్యాబులు, జిల్లాల బస్సులు, వీటి మధ్యలో మనం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ రానివ్వరు, సర్వీసు రోడ్డే మన దారి. పైన అడ్డం లేకుండా వచ్చిన కార్లు ఆరాంఘర్ దగ్గర కిందికి దిగి మన వెనకే చేరతాయి. ఆ డ్రైవర్‌కు రాత్రిపూట మన గురించి తెలిసేది ఒక ఎర్ర చుక్క ద్వారానే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో సుమారు 44.5 శాతం మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. ఢీకొన్న తీరును బట్టి చూస్తే వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు ఐదింట ఒకటికి పైగానే ఉన్నాయి. టెయిల్ లైట్ బాగుంటే ఇవన్నీ ఆగుతాయని కాదు. చెడిపోతే మాత్రం ఆ లెక్కలోకి మనమే నడిచి వెళ్లినట్టు.

టెయిల్ లైట్ చెప్పేవి రెండే మాటలు

ఒకటి "నేనిక్కడున్నాను". రెండోది "ఆగుతున్నాను". పాత పద్ధతి బల్బులో ఈ రెండు మాటలకూ రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఎక్కువ బండ్లలో వాడేది 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు. 5 వాట్ల ఫిలమెంటు మామూలుగా వెలుగుతుంది, బ్రేక్ పట్టగానే 21 వాట్లది కలుస్తుంది. బల్బు పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు, గమనించారా? తిరగేసి పెట్టి ఈ రెండు మాటలనూ తారుమారు చేయకుండా ఉండటానికే ఆ ఏర్పాటు.

రెండు వెలుగుల మధ్య నాలుగు రెట్లకు పైగా వాట్ల తేడా ఉంది. వెనకవాడికి అందే సమాచారం అంతా ఆ తేడాలోనే ఉంది. ఎర్రగా ఉన్నది ఒక్కసారిగా బాగా ఎర్రబడితేనే అతని కాలు బ్రేక్ మీదికి వెళ్తుంది. ఎల్ఈడీ లైటు కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. చవక లైట్లలో చాలావాటికి మామూలు వెలుగే బ్రేక్ వెలుగంత ఉంటుంది. దగ్గరుండి చూస్తే "అబ్బ, ఎంత బ్రైట్‌గా ఉందో" అనిపిస్తుంది. బ్రేక్ పట్టినా పట్టకపోయినా ఒకేలా కనిపిస్తే ఆ బ్రైట్‌నెస్‌తో పని లేదు. నల్లద్దం రకాలకు ఇంకో సమస్య. అద్దం వెలుగును మింగేస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో బ్రేక్ లైటు వెలిగినట్టే తెలియదు.

ఎల్ఈడీతో నిజంగా లాభం ఉందా?

ఉంది. ఫిలమెంటు ముందు వేడెక్కాలి, తర్వాతే వెలగాలి. పూర్తి వెలుగు రావడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఎల్ఈడీ దాదాపు తక్షణమే వెలుగుతుంది. 0.2 సెకను ఎంత అని తీసిపారేయకండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. 0.2 సెకనులో వెనక కారు 3.3 మీటర్లు ముందుకొస్తుంది. 80 మీద అయితే 4.4 మీటర్లు, అంటే రెండు బండ్ల పొడవు. వెనకవాడికి అంత దూరం మనం ఉచితంగా ఇస్తున్నామన్నమాట.

ఈ లాభం బ్రేక్ స్విచ్ సరిగ్గా ఉంటేనే దక్కుతుంది. వెనక బ్రేక్ పెడల్ దగ్గర ఉండే స్విచ్‌కు అడ్జస్ట్ చేసే నట్టు ఉంటుంది. పెడల్‌కు బ్రేక్ పట్టడం మొదలవకముందే లైటు వెలిగేలా దాన్ని పెట్టుకోవాలి. పెడల్ సగం నొక్కాక వెలిగితే ఎల్ఈడీ మిగిల్చిన 0.2 సెకను అక్కడే పోయింది. ముందు బ్రేక్ లివర్‌కు ఉన్న స్విచ్ కూడా విడిగా చెక్ చేయండి. రెండింటిలో ఒకటి చచ్చిపోయినా రెండోది పనిచేస్తుంటే మనకు అనుమానమే రాదు.

రెండో లాభం కరెంటు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఎల్ఈడీ లైటుకు అందులో చిన్న భాగం చాలు. లోపలి లెక్క కూడా మన ఫస్టియర్ స్థాయిదే. ఒక ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు కావాలి. మూడింటిని సిరీస్‌లో పెడితే 6 వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది. మిగిలిన 8 వోల్టులను రెసిస్టర్ తీసుకోవాలి. 20 మిల్లీ ఆంపియర్లకు 8 ÷ 0.02 = 400 ఓమ్‌లు. 12 వోల్టులకే లెక్కేసి తక్కువ రెసిస్టర్ పెట్టిన లైటు టేబుల్ మీద బాగానే వెలుగుతుంది, బండి మీద మాత్రం 14 వోల్టులకు తొందరగా కాలిపోతుంది. కొన్ని నెలలకే ఒక్కో చుక్కా ఆరిపోవడానికి ఇదొక కారణం.

మూడు రకాలు, మూడు చిక్కులు

మొదటిది, పాత డూమ్ అలాగే ఉంచి బల్బు మాత్రం ఎల్ఈడీది పెట్టడం. అన్నింటికన్నా సులభం అనిపిస్తుంది కానీ దీనిలోనే సన్నటి చిక్కు ఉంది. తెల్ల ఎల్ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం మిగతా రంగులన్నీ ఆపేస్తే బయటికొచ్చేది కొంచెమే. సరే అని ఎర్ర ఎల్ఈడీ బల్బు పెడితే అద్దంలోంచి బాగా కనిపిస్తుంది, కానీ డూమ్ కింద ఉన్న తెల్ల కిటికీలోంచి నంబర్ ప్లేట్ మీద కూడా ఎర్ర వెలుగే పడుతుంది. నంబర్ ప్లేట్ మీద తెల్ల వెలుగే పడాలి. పైగా ఆ డూమ్‌ను అన్ని వైపులా వెలిగే ఫిలమెంటు కోసం తయారుచేశారు. ఎల్ఈడీ ఎటు చూస్తే అటే వెలుగునిస్తుంది కాబట్టి మధ్యలో ఒక చుక్క మెరిసి అంచులు చీకటిగా మిగలొచ్చు. నంబర్ ప్లేట్‌కు విడిగా లైటు లేని బండ్లకు ఈ దారి నేను చెప్పను.

రెండోది, లైటు మొత్తం మార్చడం. బండి మోడల్‌కే చేసిన లైటు, అదే కపలర్‌తో దొరికితే ఇదే మంచి దారి.

మూడోది, టెయిల్ లైట్‌లోనే ఇండికేటర్లు కలిసి వచ్చేది. పట్టీ వెడల్పు జానెడు ఉంటే కుడి ఎడమ ఇండికేటర్ల మధ్య దూరం కూడా అంతే. పక్కనే బ్రేక్ లైటు ఎర్రగా వెలుగుతుంటే దూరం నుంచి పసుపు ఏ వైపు కొడుతోందో తెలియదు. హైవే మీద యూటర్న్ తీసుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు. తప్పదనుకుంటే పాత ఇండికేటర్లను తీయకుండా ఉంచి, కొత్తదాన్ని టెయిల్, బ్రేక్ లైట్లకు మాత్రమే వాడండి.

కొనేముందు ఒక్క పరీక్ష: ఏసీనా, డీసీనా?

సీనియర్ల దగ్గరో అన్నయ్య దగ్గరో తీసుకున్న పాత కమ్యూటర్ బండి నడిపేవాళ్లు ఇది తప్పక చదవాలి. పాత మోడళ్లలో చాలావాటికి హెడ్‌లైటు, టెయిల్ లైటు బ్యాటరీ మీద నడవవు. ఇంజిన్ తిరిగితే మాగ్నెట్ కాయిల్‌లో పుట్టే ఏసీ మీద నేరుగా నడుస్తాయి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు మాత్రమే బ్యాటరీ డీసీ మీద ఉంటాయి. ఫిలమెంటుకు ఏసీ అయినా డీసీ అయినా ఒకటే. ఎల్ఈడీకి కాదు. మామూలు ఎల్ఈడీ తిరగబడిన వోల్టేజీ సుమారు 5 వోల్టులకు మించితే తట్టుకోలేదు. లోపల రక్షణ డయోడ్ ఉంటే కాలిపోకుండా బతుకుతుంది కానీ ఐడ్లింగ్‌లో మిణుకుమిణుకుమంటుంది.

పరీక్ష చాలా తేలిక. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి, లైటు స్విచ్ వేయండి. టెయిల్ లైట్ వెలిగితే డీసీ. వెలగకుండా, ఇంజిన్ స్టార్ట్ చేశాకే వెలిగితే ఏసీ అయ్యుండొచ్చు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు హెడ్‌లైటు ఇంజిన్‌తో పాటే వెలిగే ఏర్పాటు ఉంది కాబట్టి వాటిని మల్టీమీటర్‌తో కూడా చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి టెయిల్ వైరు కొలిస్తే తేలిపోతుంది. ఏసీ అని తేలితే పరిష్కారం ఉంది. తాళం ఆన్ చేస్తే కరెంటొచ్చే డీసీ వైరు నుంచి, చిన్న ఫ్యూజు మధ్యలో పెట్టి, కొత్త టెయిల్ లైట్‌కు కనెక్షన్ ఇవ్వాలి. ఎల్ఈడీ లాగేది తక్కువే కాబట్టి బ్యాటరీకి బరువు కాదు.

బిగించడం

కావాల్సినవి: 10 నంబర్ స్పానర్, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవ్‌లు, జిప్ టైలు. మీటరూ సోల్డరింగ్ ఐరనూ మన ల్యాబ్ ఫ్రెండ్స్ దగ్గర ఎలాగూ ఉంటాయి. చిన్న చిన్న డయోడ్లు, స్లీవ్‌ల వంటివి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

1. సీటు తీసి, పాత లైటు వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత ఇదే మన సర్క్యూట్ డయాగ్రమ్.

2. వైర్లను గుర్తుపట్టండి. మూడుంటాయి: ఎర్త్, టెయిల్, బ్రేక్. రంగును నమ్మొద్దు. హోండా పద్ధతిలో ఆకుపచ్చ ఎర్త్, గోధుమ రంగు టెయిల్, పసుపు గీత ఉన్న ఆకుపచ్చ బ్రేక్. యమహాలో నలుపు ఎర్త్, నీలం టెయిల్, పసుపు బ్రేక్. కొత్త లైటుకు వచ్చే వైర్ల రంగులు ఈ రెండింటికీ సంబంధం లేకుండా ఉండొచ్చు. మీటర్ నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో వైరూ చూడండి. ఎప్పుడూ వోల్టేజీ ఉండేది టెయిల్, బ్రేక్ నొక్కితేనే వచ్చేది బ్రేక్.

3. గుర్తుపట్టాక తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాత లైటు నట్లు విప్పి, కపలర్ ఊడదీయండి. కపలర్‌ను కోయొద్దు. కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీ విషయంలో ఇబ్బంది, పాత లైటు మళ్లీ పెట్టాలన్నా ఇబ్బంది. దానికి సరిపోయే ఇంకో కపలరో బుల్లెట్ కనెక్టర్లో కొని కొత్త లైటు వైపు బిగించండి.

4. బోల్టులు బిగించకముందే తాత్కాలికంగా కలిపి వెలిగించి చూడండి. వెలగకపోతే ముందు పోలారిటీ చూసుకోండి. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు.

5. జాయింట్లను సోల్డర్ చేసి స్లీవ్ వేయండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ టెయిల్ లైట్ దగ్గర ఎక్కువ కాలం నిలవదు. టైరు చిమ్మే నీళ్లు నేరుగా అక్కడికే వస్తాయి, వేడికి టేపు జిగురు కారిపోతుంది. మూడు జాయింట్లూ ఒకే చోట రాకుండా కొంచెం ముందూ వెనకా పెడితే, ఒక స్లీవ్ జారినా షార్ట్ అవ్వదు.

6. ఎర్త్‌ను పెయింట్ ఉన్న ఛాసిస్ బోల్టుకు చుట్టి వదిలేయకండి. పాత ఎర్త్ వైరుకే కలపండి. ఎర్త్ వదులైతే లైటు పనిచేస్తూ ఆగుతూ ఉంటుంది, తప్పు ఎక్కడో దొరకదు.

7. వైరు దారి చూడండి. వెనక మనిషి కూర్చుంటే మడ్‌గార్డ్ కిందికి దిగి టైరుకు దగ్గరవుతుంది. వైరు వేలాడకుండా జిప్ టైలు వేయండి, అలాగని బిగుతుగా లాగి కట్టొద్దు. సీటు కింద నలగకుండా చూడండి.

ఇండికేటర్ పిచ్చిగా కొడుతోందా?

ఇండికేటర్లు కూడా ఎల్ఈడీవి పెడితే వచ్చే ఫోన్ కాల్ ఇదే. ఒక వైపు ముందూ వెనకా 10 వాట్ల బల్బులు రెండు, మొత్తం 20 వాట్లు. ఫ్లాషర్ ఆ లోడును లెక్కలో పెట్టుకునే టకటకమంటుంది. వెనకది ఎల్ఈడీ అయితే లోడు సగానికి పడిపోతుంది. ఒక బల్బు పోయిందనుకుని కొన్ని ఫ్లాషర్లు వేగంగా కొడతాయి, కొన్ని కొట్టకుండా నిలిచిపోతాయి. లోడ్ రెసిస్టర్ పెట్టమని కొందరు చెప్తారు. అది పనిచేస్తుంది, కానీ బల్బు తినే కరెంటంతా అదే తిని వేడెక్కుతుంది. ప్లాస్టిక్ ప్యానెల్ పక్కన అంత వేడి మంచిది కాదు. ఎల్ఈడీలకు పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చడమే సరైన పద్ధతి.

నాలుగూ ఎల్ఈడీలు పెడితే ఇంకో తమాషా జరగొచ్చు. ఎడమ వైపు వేస్తే నాలుగూ కొడతాయి. కొన్ని బండ్ల మీటర్ బోర్డులో రెండు వైపులకూ కలిపి ఒకే ఇండికేటర్ బల్బు ఉంటుంది. దాని ఒక కొస ఎడమ వైరుకు, ఇంకో కొస కుడి వైరుకు. ఎడమ వేసినప్పుడు ఆ చిన్న బల్బు కుడి వైపు ఫిలమెంట్ల గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. ఫిలమెంట్లు వెలగడానికి ఆ కొద్దిపాటి కరెంటు చాలదు, ఎల్ఈడీలకు చాలు. పరిష్కారం రెండు 1ఎన్4007 డయోడ్లు. ఎడమ వైరు నుంచి ఒకటి, కుడి వైరు నుంచి ఒకటి తీసుకొచ్చి, రెండింటినీ బోర్డు బల్బు ఒక కొసకు కలపాలి. రెండో కొసను ఎర్త్‌కు ఇవ్వాలి. ముందు బల్బులు పాతవే ఉంచితే ఈ గొడవ రాదు.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మనకు సంబంధించినవి నాలుగు. వెనక వైపు ఎరుపు రంగే కనపడాలి. ఇండికేటర్లు, నంబర్ ప్లేట్ లైటు వంటి కొన్నింటికే మినహాయింపు. అంటే నీలం, ఆకుపచ్చ, రంగులు మారే పట్టీలు కుదరవు. రాత్రి నంబర్ ప్లేట్ తెల్ల వెలుగులో 50 మీటర్ల నుంచి చదవగలగాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రానికి అడ్డం ఉండాలి. సన్నటి లైటు పెడుతూ పొడవాటి మడ్‌గార్డ్ కోసేసేవాళ్లు ఒకేసారి ఇందులో మూడింటిని పోగొట్టుకుంటారు: ప్లేట్ లైటు, రిఫ్లెక్టర్, అడ్డం.

2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, రూల్స్ ఒప్పుకోని మార్పు చేసిన ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. లైటు అద్దం మీద గుండ్రని గీతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే అది అంతర్జాతీయ ప్రమాణాల ఆమోదముద్ర. ఆ గుర్తు ఉన్న లైటుకే డబ్బులు పెట్టండి.

ఇందులో రిఫ్లెక్టర్‌ను చాలామంది పట్టించుకోరు. బ్యాటరీ చచ్చి సర్వీసు రోడ్డు పక్కన బండి తోసుకుంటూ వెళ్లే రాత్రి అది తప్ప ఇంకేదీ పనిచేయదు. కరెంటు అక్కర్లేని లైటు అదొక్కటే. కొత్త లైటులో రిఫ్లెక్టర్ లేకపోతే విడిగా ఒకటి కొని ప్లేట్ కింద బిగించండి.

ఆఖరి పరీక్షకు ఇద్దరు కావాలి

బిగించడం ఒక్కరే చేయొచ్చు, చూడటం మాత్రం ఇద్దరి పని. ఫ్రెండ్‌ను బండి మీద కూర్చోబెట్టి మీరు 50 మీటర్లు వెనక్కి నడవండి. ఒకసారి మధ్యాహ్నం ఎండలో, ఒకసారి చీకటి పడ్డాక. ఫ్రెండ్ చెప్పకుండా బ్రేక్ పట్టాలి, వదలాలి. ఎప్పుడు పట్టాడో మీరు తడుముకోకుండా చెప్పగలగాలి. తర్వాత బ్రేక్ పట్టి ఉంచి ఇండికేటర్ వేయమనండి, ఏ వైపో చెప్పండి. నంబర్ ప్లేట్ చదవండి. ఎడమకూ కుడికీ కొంచెం జరిగి చూడండి, పక్క లైన్‌లోంచి వచ్చేవాళ్లకూ కనపడాలి కదా. ఇంజిన్ స్టార్ట్ చేసి, రేస్ ఇచ్చి కూడా ఒకసారి చూడండి.

వీటిలో ఏ ఒక్కటి తప్పినా పాత లైటు మళ్లీ పెట్టేయండి. కపలర్ కోయలేదు కాబట్టి పది నిమిషాల పని. అన్నీ సరిపోతే మొదటి వాన పడ్డాక ఇంకోసారి చూడండి. ఆ తర్వాత వారానికోసారి, పార్కింగ్‌లో బండి తీసేటప్పుడు వెనక గోడ మీద ఎర్ర వెలుగు పెరుగుతోందో లేదో బ్రేక్ నొక్కి చూసుకుంటే చాలు.